గేమింగ్ కంప్యూటరునకు ఎస్.ఎం.పి.ఎస్. ఎంపిక

మన విద్యార్థులలో కంప్యూటరును సిద్ధముగా కొనక, భాగములను విడివిడిగా తెచ్చి స్వయముగా అమర్చుకొనువారు నానాటికి పెరుగుచున్నారు. ఆటల కొరకని ఆరంభించిన యంత్రమే తరువాత చలనచిత్రముల కూర్పునకు, త్రిమితీయ చిత్రకల్పనకు, కృత్రిమ మేధకు సంబంధించిన అభ్యాసములకు అక్కరకు వచ్చుచున్నది. కావున దీనిని వట్టి కాలక్షేపమని త్రోసివేయుటకు వీలులేదు. సికింద్రాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరున ఏ సాయంకాలము నిలబడి చూచినను, చేత చీటీ పట్టుకొని అంగడి నుండి అంగడికి ధరలు విచారించుచు తిరుగు యువకులు కనబడుదురు. ఆ చీటీలో మొదటి వరుసన గ్రాఫిక్స్ కార్డు ఉండును. తరువాత ప్రాసెసరు, మదర్‌బోర్డు, మెమొరీ, రంగురంగుల దీపములు గల క్యాబినెట్టు. చిట్టచివర, మిగిలిన సొమ్ముతో సరిపెట్టుకొనవలసిన వస్తువుగా, యంత్రమునకంతటికిని విద్యుత్తును అందించు ఎస్.ఎం.పి.ఎస్. ఉండును. ఉర్దూ విభాగపు మిత్రులు దీనిని ‘బిజిలీ కా డబ్బా’ అని తేలికగా పిలుతురు. ఆ చీటీలోని వరుస సరియైనది కాదని చెప్పుటయే మా ఉద్దేశము.

ఈ సంగతి మాకు గ్రంథముల వలన తెలిసినది కాదు. దమ్మాములో ఉద్యోగము చేయుచున్న అన్నగారు ఎనిమిది మాసములు కొంచెము కొంచెముగా సొమ్ము పంపగా, మా మిత్రుడొకడు భాగములన్నియు కొని తెచ్చినాడు. ఒక శుక్రవారము జుమా నమాజు తరువాత నలుగురము అతని ఇంట కూర్చుండి యంత్రమును అమర్చితిమి. గ్రాఫిక్స్ కార్డు 2024 జనవరిలో విడుదలయైన ఆర్‌టీఎక్స్ 4070 సూపర్. ప్రాసెసరు రైజెన్ 7 7700ఎక్స్. రెండును మంచివే. ఎస్.ఎం.పి.ఎస్. మాత్రము క్యాబినెట్టును అమ్మిన దుకాణమువారు “దీనికి వేరే డబ్బులక్కరలేదు” అని కలిపి ఇచ్చినది. దాని ప్రక్కన 1000 వాట్లు అని పెద్ద అక్షరములు మెరయుచుండెను. ఇంకేమి కావలెనని మురిసితిమి.

నెల దినములు బాగుగనే నడచినది. ఆ పిమ్మట, ఆటలో యుద్ధఘట్టము వచ్చి తెర నిండ పొగయు మంటయు క్రమ్మినప్పుడెల్ల, యంత్రము చటుక్కున ఆగిపోయి తనంత తానే మరల మొదలగుచుండెను. దోషమిదియని తెలుపు సందేశము ఒక్కటియు లేదు. విండోసును రెండు పర్యాయములు తుడిచి మరల ఎక్కించితిమి. మెమొరీని మార్చి చూచితిమి. గ్రాఫిక్స్ కార్డును పరీక్షకు పంపగా, పది దినములు ఉంచుకొని ఏ లోపమును లేదని త్రిప్పి పంపిరి. ఇంటిలోని పెద్దవారు లోపము ఆటలయందే ఉన్నదని తీర్మానించిరి. మూడవ మాసమున ఒక రాత్రి చిన్న చప్పుడు, వెంటనే కాలిన వాసన. ఎస్.ఎం.పి.ఎస్. తాను పోవుటయే గాక మదర్‌బోర్డును, ఎస్.ఎస్.డి.ని కూడ వెంట తీసికొనిపోయినది. ఆ ఎస్.ఎస్.డి.లో అతని చివరి సంవత్సరపు ప్రాజెక్టు పని ఉన్నది; దానికి వేరొక ప్రతి లేదు.

విద్యుత్ సరఫరాలోని లోపము తన పేరు చెప్పుకొని రాదు. అది మెమొరీ దోషము వలెనో, కార్డు దోషము వలెనో, ఒక్కొక్కప్పుడు ఆట దోషము వలెనో కనబడును. మూడు మాసములు మేము నిందింపని భాగము అది ఒక్కటియే.

ఇంతకు ఆ పెట్టెలో జరుగునదేమి? గోడలోని ప్లగ్గు నుండి మనకు వచ్చునది 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు, సెకనునకు 50 ఆవృత్తులు. కంప్యూటరు భాగములకు కావలసినది 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ విద్యుత్తు. పాతకాలపు రేడియోలలో ఈ మార్పును ఇనుప పలకలపై రాగి తీగ చుట్టిన ట్రాన్స్‌ఫార్మరు చేసెడిది. అదే పద్ధతిలో వందల వాట్లను మార్చవలెనన్న ఆ ట్రాన్స్‌ఫార్మరు కిలోల కొలది తూగును. అయితే ఆవృత్తి పెరిగినకొలది చిన్న ట్రాన్స్‌ఫార్మరే చాలును. అందువలన ఎస్.ఎం.పి.ఎస్.లో వచ్చిన విద్యుత్తును మొదట ఏకముఖముగా మార్చి, మేలైన రకములలో సుమారు 380 నుండి 400 వోల్టుల వరకు పెంచి, ఒక పెద్ద కెపాసిటరులో నిలువచేసి, ట్రాన్సిస్టరుల సహాయమున సెకనునకు వేల పర్యాయములు, ఒక్కొక్కప్పుడు లక్షకు పైగా, తెంపి కలుపుచుందురు. ఆ విద్యుత్తు చిన్న ట్రాన్స్‌ఫార్మరు గుండా పోయి 12 వోల్టులకు దిగి, మరల ఏకముఖమై, వడపోయబడి బయటికి వచ్చును. నేటి మంచి పెట్టెలలో ఈ 12 వోల్టుల నుండియే తక్కిన రెంటిని తయారుచేయుదురు. స్విచ్చు వేయుట, తీయుట యనునదే ప్రధాన క్రియ గనుక దీనికి స్విచ్చుడ్ మోడ్ పవర్ సప్లై అని పేరు, ఎస్.ఎం.పి.ఎస్. దాని పొడి అక్షరములు.

ఒక హెచ్చరిక ఇచ్చటనే చెప్పవలెను. ప్లగ్గు తీసిన తరువాత కూడ ఆ పెద్ద కెపాసిటరు కొంతకాలము ప్రాణము తీయగల విద్యుత్తును నిలుపుకొనియుండును. భౌతికశాస్త్ర విద్యార్థులమను ధైర్యముతో ఎవరును ఆ మూతను విప్పరాదు. మేమును విప్పలేదు. పైన అంటించిన చీటీని మాత్రము, చదువవలసిన సమయము దాటిన తరువాత, చదివితిమి.

ఆ చీటీలో 12 వోల్టులకు ఎదురుగా 25 ఆంపియర్లని ఉన్నది. వోల్టులను ఆంపియర్లచే గుణించిన వాట్లు వచ్చునని మనము ఉన్నత పాఠశాలలోనే చదివితిమి. పన్నెండు ఇరువదియైదులు 300. నేటి కంప్యూటరులో ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు అను రెండు పెద్ద ఖర్చులును ఇంచుమించు పూర్తిగా 12 వోల్టుల నుండియే తీరవలెను. మా మిత్రుని ప్రాసెసరు గరిష్ఠముగా 142 వాట్లు, కార్డు 220 వాట్లు తీసికొనును; వెరసి 362. పంకాలు, మదర్‌బోర్డు వేరు. 5 వోల్టులకు, 3.3 వోల్టులకు ఎదురుగా నున్న అంకెలను కలిపి చూచినను మొత్తము 1000లో సగమునకు చేరలేదు. మేలైన 850 వాట్ల పెట్టె చీటీపై 12 వోల్టుల వద్ద 70 ఆంపియర్లకు పైగా ఉండును. అనగా చెప్పిన శక్తి యావత్తును ఆ ఒక్క మార్గముననే ఇవ్వగలదు. దుకాణమున నిలబడి అర నిమిషములో చేయదగిన లెక్క ఇది.

ఎన్ని వాట్లు కావలెను అను ప్రశ్నకు కాలమును బట్టి సమాధానము మారుచు వచ్చినది. 1981లో ఐబీఎం సంస్థ తన తొలి పర్సనల్ కంప్యూటరులో పెట్టిన సరఫరా పెట్టె 63.5 వాట్లది. 2025 జనవరిలో విడుదలయైన ఆర్‌టీఎక్స్ 5090 అను గ్రాఫిక్స్ కార్డు ఒక్కటియే 575 వాట్లు కోరును. అట్టి తొమ్మిది ఐబీఎం యంత్రములకు చాలు విద్యుత్తు నేడు ఒక్క కార్డునకు పోవుచున్నదన్నమాట.

లెక్క కట్టునప్పుడు కార్డు తయారీదారు ప్రకటించిన వాట్లను, ప్రాసెసరు గరిష్ఠముగా తీసికొను వాట్లను కలుపవలెను. ప్రాసెసరు విషయమున జాగ్రత్త అవసరము. రైజెన్ 9 9950ఎక్స్‌ను 170 వాట్లదని చెప్పినను అది అంతకు మించి పోవును. కోర్ ఐ9 14900కె మూల సంఖ్య 125 అయినను గరిష్ఠ సంఖ్య 253. తక్కిన మదర్‌బోర్డు, మెమొరీ, ఎస్.ఎస్.డి., పంకాలు, నీటి పంపు అన్నిటికిని 75 నుండి 100 వాట్లు వేసికొనిన చాలును. ఈ ప్రకారము ఆర్‌టీఎక్స్ 5090ను రైజెన్ 9 9950ఎక్స్‌తో జతచేసిన యంత్రమునకు సుమారు 900 వాట్లు అగును. కార్డు తయారీదారు కనీసము 1000 వాట్ల పెట్టె కావలెనని చెప్పుచున్నాడు. 1200 అయిన నిశ్చింత. అంతటి సంపన్నులు మనలో అరుదు. 300 వాట్ల ఆర్‌టీఎక్స్ 5070 టీఐ కార్డును, 162 వాట్ల వరకు పోవు రైజెన్ 7 9800ఎక్స్3డి ప్రాసెసరును తీసికొందము. తక్కిన వానితో కలిపి 540 చిల్లర. దీనికి 750 వాట్లు తగును. రెండు మూడేండ్ల తరువాత పెద్ద కార్డు కొను తలంపు ఉన్నచో 850.

పెద్ద పెట్టె కొనిన కరెంటు బిల్లు పెరుగునని కొందరు భయపడుదురు. అది అపోహ. 1000 వాట్ల పెట్టె ఎల్లప్పుడును 1000 వాట్లు తాగదు; యంత్రము కోరినంత మాత్రమే, కొంత నష్టముతో, గోడ నుండి తీసికొనును. అట్లని 500 వాట్ల యంత్రమునకు 1600 వాట్ల పెట్టెను కొనుట సొమ్ము వ్యర్థపుచ్చుటయే.

అయితే కూడికతోనే పని పూర్తియైనచో ఈ వ్యాసము అవసరముండెడిది కాదు. గ్రాఫిక్స్ కార్డునకు ప్రకటించిన వాట్లు సగటు లెక్క. కార్డులోని పని క్షణక్షణమునకు మారుచుండుట వలన, సెకనులో వేయవ వంతు కాలమునకో అంతకంటె తక్కువకో, అది తన సగటును దాటి ఎంతో ఎక్కువగా లాగును. పెండ్లి విందునకు రాత్రి మొత్తము మీద ఎందరు వచ్చెదరనునది ఒక లెక్క. తలుపు తెరువగానే మొదటి పంక్తిలో ఎందరు కూర్చుందురనునది వేరొక లెక్క. వంటవానికి చిక్కు వచ్చునది రెండవ దానితోనే. 2020లో వెలువడిన పెద్ద కార్డులతో ఈ బాధ బయటపడినది. మంచి పేరున్న, కూడిక ప్రకారము చాలినన్ని వాట్లున్న పెట్టెలు సైతము ఈ క్షణికమైన లాగుడును ప్రమాదమని భ్రమించి, రక్షణగా యంత్రమును ఆపివేసినవి.

దీనికి పరిష్కారముగా ఇంటెల్ సంస్థ 2022లో ఏటీఎక్స్ 3.0 అను ప్రమాణమును ప్రకటించినది. 1995 నాటి ఏటీఎక్స్ ప్రమాణమునకు ఇది వారసురాలు. దీని ప్రకారము, కొత్త కార్డుల కనెక్టరును కలిగి 450 వాట్లకు మించిన పెట్టె, 100 మైక్రోసెకన్ల పాటు తన శక్తికి రెట్టింపును తడబడక అందించవలెను. 1 మిల్లీసెకను పాటు 180 శాతమును, 10 మిల్లీసెకన్ల పాటు 160 శాతమును భరింపవలెను. తరువాత 2023లో ఏటీఎక్స్ 3.1 వచ్చినది. నేడు గేమింగ్ యంత్రమునకు పెట్టె కొనువారు దీపములను, రంగును చూచుటకు ముందు ఈ రెండింటిలో ఒక సంఖ్య ఉన్నదో లేదో చూడవలెను. మా అభిప్రాయమున బంగారు ముద్ర కంటె ఇదియే ముఖ్యము.

కొత్త ప్రమాణముతో పాటు వచ్చిన కనెక్టరును గూర్చి కొంత చెప్పక తప్పదు. పూర్వము కార్డునకు 8 పిన్నుల కనెక్టరు ఉండెడిది. ఒక్కొక్కటి 150 వాట్లకు. కొత్తది 16 పిన్నులది. వానిలో 12 శక్తికి, 4 సంకేతములకు. ఈ చిన్న కనెక్టరు ఒక్కటియే 600 వాట్ల వరకు మోయును. 600ను 12చే భాగించిన 50 ఆంపియర్లు. అవి ఆరు తీగలలో సమముగా పంచుకొనబడినచో ఒక్కొక్క దానికి 8.3 ఆంపియర్లు. పిన్నునకు గల పరిమితి 9.5 ఆంపియర్లు మాత్రమే గనుక అవకాశము స్వల్పము. ఒక పిన్ను సరిగా అతుకక దాని భారము ప్రక్కదానిపై పడినచో వేడెక్కి ప్లాస్టిక్కు కరగును. 2022 అక్టోబరులో ఆర్‌టీఎక్స్ 4090 వచ్చిన కొలది దినములకే ఇట్టి సంఘటనలు లోకమునకు తెలిసినవి. కనెక్టరును పూర్తిగా లోపలికి నొక్కకుండుట ఒక ముఖ్య కారణమని పరీక్షించినవారు చెప్పిరి. అందువలన 12వీ-2ఎక్స్6 అను సవరించిన రూపమున సంకేతపు పిన్నులను పొట్టిగా చేసిరి. కనెక్టరు పూర్తిగా దిగనిచో కార్డు శక్తిని తీసికొనదు. అయినను 2025లో సైతము కరగిన కనెక్టర్లను గూర్చిన వార్తలు వచ్చినవి. కావున గట్టిగా, సందు లేకుండ నొక్కవలెను. తీగను కనెక్టరు తల వద్దనే వంచరాదు. క్యాబినెట్టు అద్దము దానిని ఒత్తకుండ చూచుకొనవలెను.

తీగల విషయమున మరియొక ప్రమాదము కలదు. నేటి పెట్టెలలో తీగలు ఊడదీయుటకు వీలుగా ఉండును. కార్డు వైపు కొస అన్నిటికిని ఒకే తీరున ఉండును గాని, పెట్టె వైపు కొసలోని అమరికకు ఏ ప్రమాణమును లేదు. ఒక కంపెనీ తీగ మరియొక కంపెనీ పెట్టెలో చక్కగా ఇమిడి, 5 వోల్టులు పోవలసిన చోటికి 12 వోల్టులను పంపగలదు. పాత పెట్టె తీగలను కొత్తదానికి ఎన్నడును వాడరాదు.

ఇక 80 ప్లస్ ముద్ర. 2004లో అమెరికాలో మొదలైన ఈ పథకము దక్షతను, అనగా గోడ నుండి తీసికొన్న విద్యుత్తులో ఎంత భాగము యంత్రమునకు చేరునో, దానిని కొలుచును. సగము భారము వద్ద, 115 వోల్టుల పరీక్షలో, బ్రాంజునకు 85 శాతము, గోల్డునకు 90, ప్లాటినమునకు 92, టైటానియమునకు 94 ఉండవలెను. మన 230 వోల్టుల వద్ద ఇవి సాధారణముగా కొంచెము మెరుగుపడును. గోల్డు కొనిన బిల్లు తగ్గి ధర తిరిగి వచ్చునని అమ్మువారు చెప్పుదురు. లెక్క చూతము. యంత్రమునకు 600 వాట్లు కావలసినప్పుడు బ్రాంజు గోడ నుండి 706, గోల్డు 667 తీసికొనును. తేడా 39 వాట్లు. రోజునకు మూడు గంటలు ఆడిన సంవత్సరమునకు 43 యూనిట్లు. యూనిట్టు 8 రూపాయలనుకొన్నను 350 రూపాయలు కాదు. కావున బిల్లు కొరకు గోల్డు కొననక్కరలేదు. తక్కువ నష్టమనగా పెట్టెలో తక్కువ వేడి, నెమ్మదిగా తిరుగు పంకా, ఎక్కువ కాలము మన్ను కెపాసిటర్లు; దానికి విలువ కట్టవలెను. కెపాసిటరు వేడి 10 డిగ్రీలు తగ్గిన దాని ఆయుర్దాయము ఇంచుమించు రెట్టింపగునని ఇంజనీర్ల అంచనా. 105 డిగ్రీల కెపాసిటర్లు వాడితిమని మంచి కంపెనీలు ప్రత్యేకముగా ప్రకటించుట అందువలననే. కాని ముద్ర దక్షతను తప్ప దేనిని కొలువదు. 12 వోల్టులు నిలకడగా ఉన్నవా, వానిపై అలజడి ప్రమాణము విధించిన 120 మిల్లీవోల్టులకు లోబడి ఉన్నదా, లోపము కలిగినప్పుడు రక్షణ వలయములు సమయమునకు పనిచేయునా అను విషయములను ముద్ర చెప్పదు. ఆ సంగతులు పెట్టెను భార యంత్రములపై పరీక్షించి ప్రకటించువారి సమీక్షలలోనే తెలియును. అంత ఓపిక లేనివారు వారంటీని చూడవచ్చును. పది సంవత్సరములు హామీ ఇచ్చువాడు ఒక సంవత్సరము ఇచ్చువాని కంటె తన పెట్టెను ఎక్కువ నమ్ముచున్నాడు.

రక్షణలలో అధిక వోల్టేజి రక్షణ, అధిక ప్రవాహ రక్షణ, అధిక భార రక్షణ, షార్టు సర్క్యూటు రక్షణ, అధిక ఉష్ణ రక్షణ తప్పక ఉండవలెను. మా మిత్రుని మదర్‌బోర్డు పోవుటకు మొదటిది లేకుండుటయో పనిచేయకుండుటయో కారణమని మా ఊహ.

పెట్టె ఎంత మంచిదైనను మన గోడ ప్లగ్గు మంచిది కానిచో ప్రయోజనము సగమే. పాత ఇండ్లలో, హాస్టళ్లలో మూడవ రంధ్రమునకు వెనుక ఎర్తు తీగయే లేకపోవుట తరచు చూచుచున్నాము. ఎస్.ఎం.పి.ఎస్.లోని వడపోత కెపాసిటర్లు స్వల్ప విద్యుత్తును ఎర్తునకు పంపునట్లు అమర్చబడియుండును. దానికి త్రోవ లేనప్పుడు క్యాబినెట్టు ఇనుము మీదికి వచ్చి, చేయి తగిలిన జివ్వుమనును. ఇది పెట్టె దోషము కాదు. ఎర్తు లేదని చెప్పు సూచన. ఎలక్ట్రీషియనును పిలిపించి ఎర్తు వేయించుకొనవలెనే గాని, చెప్పులు తొడిగికొని కూర్చుండుట పరిష్కారము కాదు.

యూ.పి.ఎస్. విషయము సైతము ఇట్టిదే. సామాన్యముగా దొరకు 600 వీఏ యూ.పి.ఎస్. 360 వాట్లు మాత్రమే ఇచ్చును. ఆటలో నున్న 540 వాట్ల యంత్రమును అది క్షణమైనను మోయజాలదు. విద్యుత్తు పోయినప్పుడు రెండును కలిసి ఆగిపోవును. అదియును గాక చవుక యూ.పి.ఎస్.లు ఇచ్చు మెట్లు మెట్లైన తరంగముతో కొన్ని కొత్త ఎస్.ఎం.పి.ఎస్.లు సరిపడవు. సైన్ తరంగమునిచ్చు 1000 లేక 1500 వీఏ రకమును, దాని వాట్లను చూచి కొనవలెను.

కళాశాల పాలక సంఘము వారికి ఈ సందర్భమున ఒక మనవి. ప్రయోగశాలలకు కంప్యూటర్లు కొనునప్పుడు కొటేషనులో ‘క్యాబినెట్టు, ఎస్.ఎం.పి.ఎస్.తో’ అని ఒకే వరుసలో వ్రాయుట ఆచారము. ఆ వరుసను రెండుగా విడదీసి, ఎస్.ఎం.పి.ఎస్.కు తయారీదారు పేరు, మోడలు, 12 వోల్టుల ఆంపియర్లు, వారంటీ సంవత్సరములు వేరుగా వ్రాయుమని దుకాణదారులను కోరవలెను. దీనికి ఖర్చు లేదు. ప్రయోగశాల ప్లగ్గుల ఎర్తును సంవత్సరమున కొకసారి పరీక్ష చేయించినచో మరియు మేలు.

మా మిత్రుడు తరువాత 750 వాట్ల, ఏటీఎక్స్ 3.1 ప్రమాణము గల గోల్డు పెట్టెను పది సంవత్సరముల వారంటీతో కొన్నాడు. దాని ధర, పోయిన మదర్‌బోర్డు, ఎస్.ఎస్.డి.ల ధరలో సగమునకు లోపు. గ్రాఫిక్స్ కార్డు అదృష్టవశమున బ్రతికినది. అదే యుద్ధఘట్టమును మూడు గంటలు ఆడి చూచితిమి, యంత్రము ఆగలేదు. ప్రాజెక్టును మాత్రము అతడు మొదటి నుండి మరల వ్రాసినాడు.